వదలని దగ్గు, తిరిగిరాని గొంతు: మన ఊళ్ల మీదుగా నడిచిన చరిత్ర



నెల రోజులుగా మన గ్రూపులో పద్యాల కన్నా దగ్గు కబుర్లే ఎక్కువగా కనిపిస్తున్నాయి. జ్వరం మూడు రోజుల్లో పోయింది, గొంతునొప్పి వారంలో పోయింది, దగ్గు మాత్రం వదల్లేదు, గొంతు బొంగురు తగ్గలేదు అని చాలామంది రాశారు. ఒకరు మిరియాల కషాయం అన్నారు. ఇంకొకరు యాంటీబయాటిక్ మరో కోర్సు వాడమన్నారు. వేరొకరు "ఇది ఇస్నోఫీలియానే, రక్తం చూపించుకోండి" అని తేల్చేశారు. ఈ మూడు సలహాల వెనకా చరిత్ర ఉంది. అందులో తెలుగువాళ్ల అడుగులున్నాయి, అవీ ఎక్కువగా మనలాంటి వాళ్లు స్థిరపడిన ఊళ్లలోనే: బళ్లారి, బొంబాయి, మద్రాసు. నేను వైద్యుణ్ణి కాను, పాత సంగతులు వెతుక్కునేవాణ్ణి. వ్యాసం కొంచెం పొడుగే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

గొంతు వైద్యం మీద మన భాషలో అందరికీ తెలిసిన సామెత ఒకటుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని. ఇప్పుడు దాన్ని రాజకీయాలకీ బ్యాంకు అప్పులకీ వాడుతున్నాం గానీ, ఆ మందు వేయడం మన ఇళ్లలో నిజంగా జరిగిన పనే. పిల్లాడికి దగ్గు ఎంతకీ తగ్గకపోతే "కొండనాలుక జారింది" అనేవాళ్లు. గరిటె కాడకో చెంచా వెనక్కో ఉప్పూ మిరియాల పొడీ అద్ది, పిల్లాడి నోరు తెరిపించి, గొంతులో వేలాడే ఆ కండను పైకి నొక్కేవాళ్లు. పిల్లాడు కెవ్వుమనేవాడు, వాంతి చేసుకునేవాడు, ఆ వాంతితో కాస్త కఫం బయటికొచ్చి ఓ పూట హాయిగా ఉండేది. మందు పనిచేసిందనుకునేవాళ్లు. ఇది మన అమ్మమ్మల అజ్ఞానం అని నవ్వుకోనక్కర్లేదు. 19వ శతాబ్దంలో ఐరోపాలో పెద్ద చదువులు చదివిన డాక్టర్లు కూడా కొండనాలుక పెరగడం వల్లే దగ్గు తగ్గట్లేదని నమ్మి, దాని కొసను కత్తిరించేవారు.

అందరూ కొండనాలుక మీదే ఎందుకు పడ్డారు? కనిపించేది అదొక్కటే కాబట్టి. నోరు తెరిస్తే అంతవరకే కళ్లకు ఆనుతుంది. గొంతు బొంగురుపోయే చోటు ఇంకా కింద ఉంది, అది మలుపు అవతల ఉంది, చీకట్లో ఉంది. బతికున్న మనిషి స్వరపేటిక పనిచేస్తుండగా సరిగా చూసినవాళ్లు 1854 దాకా దాదాపు లేరు.

చూసినవాడు డాక్టరు కాదు, సంగీతం మేష్టారు. మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ దేశస్థుడు, గాయకుల కుటుంబంలో పుట్టినవాడు. చిన్నతనంలో విపరీతంగా పాడి తన గొంతే పాడైపోయి, పాడటం మాని పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. పాట ఎక్కడ పుడుతోందో చూడాలన్న పట్టుదల ఆయనది. పళ్ల డాక్టర్లు వాడే పొడుగు కాడ అద్దం ఒకటి తెచ్చి, వేడినీళ్లలో ముంచి (ఊపిరికి ఆవిరి పట్టకుండా), గొంతు వెనక్కి ఆనించి, చేతిలో ఉన్న ఇంకో అద్దంతో ఎండను లోపలికి తిప్పాడు. తన స్వరతంత్రులు తనకే కనిపించాయి. మరుసటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి రాసి పంపాడు. తర్వాత రెండు మూడేళ్లకి వియన్నా, బుడాపెస్టు డాక్టర్లు ఆ అద్దాన్ని వైద్యంలోకి తెచ్చారు. గార్సియా 1906 దాకా, 101 ఏళ్లు బతికాడు. చెవి-ముక్కు-గొంతు డాక్టరు మన నోట్లో పెట్టే చిన్న గుండ్రటి అద్దం ఆ పాటల మేష్టారి ఆస్తి. ఇప్పుడు దాని చోట ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేస్తున్నారు. రెండు నిమిషాల పని, పెద్ద నొప్పి ఉండదు.

ఆ అద్దంలో కనిపించింది ఏమిటంటే, తెల్లటి రెండు సన్నటి అంచులు. మాట్లాడేటప్పుడు అవి ఒకదానికొకటి తగిలి, సెకనుకు వందసార్లకు పైగా కంపిస్తాయి. ఆడవాళ్లలో దాదాపు రెండువందలు. జలుబో ఫ్లూనో తగిలి వాచినప్పుడు వాటి బరువు పెరుగుతుంది, అంచు నున్నగా ఉండదు, సందులోంచి గాలి కారిపోతుంది. అదే బొంగురు. వైరస్ పోయినా పైపొర మానడానికి రోజులు పడుతుంది. గొంతులో, శ్వాసనాళంలో ఉండే దగ్గు నరాలు ఆ మధ్యకాలంలో ఉలిక్కిపడుతూ ఉంటాయి. చల్లగాలి, పోపు ఘాటు, అగరుబత్తి పొగ, గట్టి నవ్వు, ఏది తగిలినా దగ్గే. దగ్గిన ప్రతిసారీ ఆ రెండు అంచులూ ఠపీమని కొట్టుకుంటాయి, మళ్లీ వాస్తాయి, మళ్లీ దగ్గు వస్తుంది. జబ్బు పోయాక కూడా దగ్గు దాన్ని అదే పోషించుకుంటుంది. బొంగురు మామూలుగా రెండు వారాల్లో తగ్గుతుంది. దగ్గు మాత్రం మూడు వారాలు దాటి ఎనిమిది వారాల దాకా ఉండవచ్చని ఇప్పటి వైద్య పుస్తకాలు ఒప్పుకుంటున్నాయి. దాన్ని తగ్గించడానికి యాంటీబయాటిక్ దండగ. అక్కడ చంపడానికి క్రిమి మిగిలి ఉండదు.

ఈ కొట్టుకోవడం, వాయడం గురించి మన బళ్లారి నాటకాలవాళ్లకు అద్దం లేకుండానే తెలుసు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిచిన రోజుల్లో మైకు లేదు. రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారుజాము దాకా సాగేవి. వెనక బల్ల మీద కూర్చున్నవాడికి వినపడేలా పద్యం ఎత్తుకోవాలి, రాగం లాగాలి, జనం "ఒన్స్ మోర్" అంటే మళ్లీ లాగాలి. జలుబు చేసిందని నాటకం ఆపేవాళ్లు కాదు. అలా ఒకసారి వాచిన గొంతుతో పాడితే ఆ వాపు గట్టిపడి కాయ కాస్తుంది. గొంతులో కాయలు అని మనం అనేవి అవే. బళ్లారి రాఘవ (1880-1946) పద్యాల్ని రాగాలు తీసి సాగదీయడాన్ని ఒప్పుకోలేదు, సహజంగా మాట్లాడి నటించాలన్నాడు. ఆయన కారణం కళకు సంబంధించినది, వైద్యానిది కాదు. కానీ నటుల గొంతులకు అంతకన్నా మేలు చేసిన సలహా ఆ రోజుల్లో ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం. మన ఉగాది వేదిక మీద జ్వరం తగ్గిన మూడోరోజే మైకు ముందు గయోపాఖ్యానం ఎత్తుకునే పెద్దలు దీన్ని నామీద కోపం తెచ్చుకోకుండా చదవాలి. ఇంకో మాట: గొంతుకి విశ్రాంతి అని గుసగుసగా మాట్లాడేవాళ్లున్నారు. గుసగుస వల్ల స్వరపేటిక ఇంకా బిగుసుకుంటుంది. తక్కువ మాట్లాడాలి, మాట్లాడేది మామూలు గొంతుతో, మెల్లగా మాట్లాడాలి.

ఇక కషాయాల సంగతి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, అతిమధురం, బుగ్గన కరక్కాయ ముక్క, తులసి, పాలలో పసుపు. ఇవన్నీ మీ వంటింట్లో ఉన్నవే కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. గొంతు తడిగా ఉంచుతాయి, నోట్లో నీరూరిస్తాయి, ఆ మేరకు దగ్గు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త, అతిమధురం వారాల తరబడి నములుతుంటే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ మాత్రలు మింగేవాళ్లు దాన్ని మిఠాయిలా వాడకూడదు. తేనె మంచిదే, చాలా సిరప్పుల కంటే మంచిదే, కానీ ఏడాది నిండని పిల్లలకు నాకించకూడదు.

నేను చెప్పదలచుకున్నది అడ్డసరం గురించి. పల్లెల్లో కంచెగా వేసే మొక్క, పొడుగాటి ఆకులు, తెల్లటి పూలు. సంస్కృతంలో వాస. మనం ఎక్కడ స్థిరపడితే అక్కడ దానికి ఒక పేరు దొరుకుతుంది: తమిళంలో ఆడాతొడై, కన్నడంలో ఆడుసోగె, మరాఠీలో అడుళ్సా, ఒడియాలో బాసంగ. ఆడాతొడై అంటే మేక ముట్టనిది అని ఇక్కడివాళ్లు అర్థం చెబుతారు. నిజంగానే ఆకు అంత చేదు. ఈ దక్షిణాది పేరే కాస్త మారి లాటిన్ శాస్త్రీయ నామంలోకి ఎక్కింది.

1880ల్లో డేవిడ్ హూపర్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు మద్రాసు ప్రభుత్వం తరఫున ఊటీలో పనిచేసేవాడు. ఆయన ఉద్యోగం సింకోనా చెట్ల బెరడులో క్వినైను ఎంత ఉందో లెక్కగట్టడం. ఆ పని మధ్యలో మన దేశపు మందు మొక్కలన్నీ ఒక్కొక్కటే పరీక్షించాడు. 1888లో అడ్డసరం ఆకులో ఉన్న ఆల్కలాయిడ్ గురించి రాసి, వాస అన్న పేరు మీదుగానే దానికి వాసిసిన్ అని పేరు పెట్టాడు. తర్వాత డైమాక్, వార్డెన్‌లతో కలిసి ఫార్మకోగ్రాఫియా ఇండికా అనే పెద్ద గ్రంథం తెచ్చాడు. ఆ వాసిసిన్ అణువును నమూనాగా పెట్టుకుని మార్పులు చేస్తూ పోయిన జర్మన్లకు బ్రోమ్‌హెక్సిన్ దొరికింది. 1963లో బిసోల్వాన్ అన్న పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. మీ ఇంట్లో ఉన్న దగ్గు సిరప్పు సీసా తిప్పి చూడండి, ఈ రెండింటిలో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అమ్మమ్మ కంచెలో కోసిన ఆకు ఊటీ మీదుగా జర్మనీ వెళ్లి, సీసాలో పడి, ధర కట్టించుకుని తిరిగొచ్చింది. అయితే ఇది జిగురుగా పట్టేసిన కఫాన్ని పలచన చేసే మందు. మనలో చాలామందికి ఉన్నది కఫం లేని పొడి దగ్గు. లేని కఫాన్ని ఏ మందు పలచన చేస్తుంది?

పొడి దగ్గును అణచే మందుల చరిత్ర వేరు, అది నల్లమందు ఇంటి చరిత్ర. 1832లో ఫ్రాన్సులో రోబికే నల్లమందులోంచి కోడీన్ విడదీశాడు. 1898లో జర్మనీ బేయర్ కంపెనీ దగ్గుకు కొత్త మందు అంటూ ఒకటి అమ్మింది, దాని పేరు హెరాయిన్. అవును, ఆ హెరాయినే. దగ్గు తగ్గిన మాట నిజమే, మనిషి మిగలకుండా పోయాడు. కోడీన్ సిరప్పులు ఇప్పటికీ చీటీ మీద దొరుకుతాయి, చీటీ లేకుండా దొరికే చోట్లూ ఉన్నాయి, మన కుర్రాళ్లు వాటికి అలవాటుపడిన కథలు మీకు నేను చెప్పక్కర్లేదు.

సీసాలో మందు కన్నా మందును కరిగించే ద్రవం ఎక్కువ ప్రమాదం కావచ్చు. 1937లో అమెరికాలో ఒక కంపెనీ గొంతునొప్పికి వాడే సల్ఫా మందును డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిపి అమ్మింది, తియ్యగా ఉంటుందని. వందమందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. ఆ చావుల మీదే 1938లో అక్కడి మందుల చట్టం పుట్టింది. అది జరిగి ఎనభై ఏడేళ్లయ్యాక, 2025లో, మన కాంచీపురం జిల్లాలో తయారైన దగ్గు సిరప్పులో అదే విషం కలిసి, మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు ఇరవైమందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. మామూలు దగ్గుకి తాగించిన మందు. అయిదేళ్ల లోపు పిల్లలకు దగ్గు సిరప్పు అవసరమే చాలా అరుదు అని పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మనవలకు మీ సీసాలోంచి అరచెంచా పోసే తాతలు, బామ్మలు ఈ ఒక్క పేరా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

బొంబాయి సభ్యులు అలుగుతారు కాబట్టి అమృతాంజనం గురించి కూడా చెప్పాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, పనికోసం బొంబాయి వెళ్లి, 1893లో అక్కడ ఆ పచ్చ లేపనం మొదలుపెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా చిన్న చిన్న డబ్బీలు పంచి అలవాటు చేశారు. ఎంత తెలివైన వ్యాపారమో చూడండి, దగ్గేవాడు కచేరీలో అందరికీ కనబడతాడు, వినబడతాడు. ఆ డబ్బుతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. మందు కూడా మద్రాసుకే వచ్చింది. తెలుగు పత్రికారంగాన్ని ఒక తలనొప్పి మందు పోషించింది అని పాతవాళ్లు సరదాగా అనేవారు. మందు చేసేదేమిటి? కర్పూరం, పుదీనా పువ్వు లాంటివి చర్మం మీదా ముక్కులోనూ చల్లదనం పుట్టించి, ఊపిరి బాగా ఆడుతున్నట్టు తోపిస్తాయి. రాత్రి నిద్ర పడుతుంది. గొంతు లోపలి వాపును ఏమీ చేయవు. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం ఏ కర్పూరం లేపనమూ రాయకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ఇస్నోఫీలియా."

ఈ మాట తెలుగు ఇళ్లలో ఎంత ఇంటిమాట అయిపోయిందో గమనించారా? చదువురాని ముసలమ్మ కూడా "మా వాడికి ఇస్నోఫీలియా ఉంది, పెరుగు తినడు" అంటుంది. ఈసినోఫిల్ అనేది తెల్లరక్తకణాల్లో ఒక రకం. ఈసిన్ అనే ఎర్ర రంగు పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో అయిదువందల లోపు ఉంటాయి. ఆ కణం పేరు తీర ప్రాంతం పల్లెల దాకా ఎలా వచ్చింది?

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అనే చోటు ఉంది. 1915లో క్రైస్తవ మిషన్లన్నీ కలిసి అక్కడ క్షయరోగుల ఆసుపత్రి పెట్టాయి. మొదటి అధిపతి క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ అనే డెన్మార్కు డాక్టరు. క్షయకు మందు లేని కాలం అది. వైద్యమంటే గాలి, తిండి, మంచం. స్వరపేటికకు క్షయ పాకి గొంతు బొంగురుపోయినవాళ్లకు అప్పటి శానటోరియంలలో మౌనమే మందు. నెలల తరబడి పలక మీద రాసి చూపించాల్సిందే. మన మద్రాసులో తాంబరం శానటోరియం అన్న రైలు స్టేషను పేరులో ఆ కాలం ఇంకా మిగిలి ఉంది.

ఆరోగ్యవరానికి క్షయ అని పంపిన రోగుల్లో కొందరి లెక్క కుదరలేదు. రాత్రంతా దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు, చూడటానికి అచ్చం క్షయే. కానీ కఫంలో క్షయ క్రిమి దొరకదు. రక్తం చూస్తే ఈసినోఫిల్ కణాలు వేలల్లో. కొన్ని వారాలకో నెలలకో వీళ్లు కోలుకునేవాళ్లు, క్షయ రోగులు అలా కోలుకోరు. 1940లో ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే మరో డాక్టరూ కలిసి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో క్షయను పోలిన ఈ జబ్బు గురించి రాశారు. మూడేళ్ల తర్వాత వైన్‌గార్టెన్ అనే డాక్టరు మన దేశంలోనే చూసిన రోగుల గురించి లాన్సెట్ పత్రికలో రాసి దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. పేరు ఆయనది నిలిచింది. ముందుగా గుర్తుపట్టిన చోటు మాత్రం రాయలసీమ అంచున ఉన్న ఆ కొండ పక్క ఆసుపత్రి.

వైన్‌గార్టెన్ ఇచ్చిన మందు ఆర్సెనిక్ ఇంజెక్షన్లు, అంటే పాషాణం. కొండనాలుక సామెత మళ్లీ గుర్తొచ్చే వైద్యం. అంతకన్నా మంచి మందు వచ్చిన దారి భీమవరం నుంచి మొదలైంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరయ్యారు. ఖద్దరు కట్టుకుని తరగతికి వెళ్లినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టారన్నది అందరికీ తెలిసిన కథ. ప్రభుత్వ ఉద్యోగం రాక, మద్రాసులోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1923లో అమెరికా వెళ్లారు. 1940 నుంచి లెడర్లే కంపెనీలో పరిశోధన చూసుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా అంటుకుంది. బోదకాలు జబ్బు సైన్యానికి భయం పుట్టించింది. సుబ్బారావుగారి బృందం వందల రసాయనాలను జల్లెడ పట్టి, 1947లో డైఎథిల్‌కార్బమజీన్‌ను ప్రకటించింది. హెట్రజాన్ అన్న పేరుతో అది బజారులోకి వచ్చింది. పెద్దవాళ్లకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది. మరుసటి ఏడు ఆగస్టులో ఆయన చనిపోయారు, అమెరికా పౌరసత్వం తీసుకోకుండానే. తాను పుట్టిన గోదావరి డెల్టాలోనే బోదకాలు ఎంత ఎక్కువో ఆయనకు తెలియనిది కాదు. కానీ అదే మాత్ర రాత్రి దగ్గును కూడా ఆపుతుందని తెలుసుకునే దాకా ఆయన బతకలేదు.

1950ల్లో మన దేశంలోనూ సింగపూర్‌లోనూ డాక్టర్లు ఈ మందును ట్రాపికల్ ఈసినోఫీలియాకు వాడి చూశారు. రోజుల్లోనే దగ్గు తగ్గింది. ఫైలేరియా మందుకు ఈ దగ్గు లొంగిందంటే దగ్గు వెనక ఉన్నది ఆ పురుగే కావాలి. కానీ ఈ రోగుల రక్తంలో ఎంత వెతికినా పురుగు పిల్లలు కనబడేవి కావు. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు ఆ రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫ్ గ్రంథుల్లో వాటిని చూపించారు. ఒళ్లు మరీ తీవ్రంగా ఎదురుతిరిగి, ఆ పిల్లల్ని రక్తంలో తిరగనివ్వకుండా ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపేస్తోంది. ఆ యుద్ధమే దగ్గు. పాతిక ముప్ఫై ఏళ్ల మగవాళ్లలో ఎక్కువ, రాత్రిళ్లు ఎక్కువ, దోమలున్న డెల్టాల్లో ఎక్కువ: గోదావరి పాయలు, తంజావూరు కాలువలు, గంజాం తీరం. మన బరంపురం, యానాం సభ్యుల తాతల దగ్గుల్లో కొన్నైనా ఇవే అయి ఉంటాయి.

అలా మదనపల్లె, భీమవరం, వేలూరు కలిసి ఒక దగ్గును తేల్చాయి. అయితే కథ అక్కడితో ఆగలేదు. మందు చవక, రక్తపరీక్ష చవక, పేరు గొప్పగా ఉంది. దాంతో ప్రతి దగ్గుకీ ఆ పేరే పెట్టేశారు. రిపోర్టులో ఈసినోఫిల్స్ ఏడు శాతం అని కనబడితే చాలు, ఇస్నోఫీలియా అని మూడు వారాలు మాత్రలు. ఏడెనిమిది శాతం అలర్జీకీ వస్తుంది, ఉబ్బసానికీ వస్తుంది, కడుపులో ఏలికపాములకీ వస్తుంది. అసలు జబ్బులో లెక్క సాధారణంగా మూడువేలు దాటుతుంది. ఫ్రిమోట్-మోలర్ చేసిన పని క్షయ కానిదాన్ని క్షయ నుంచి విడదీయడం. మనం దాన్ని తిరగేసి, క్షయను కూడా ఇస్నోఫీలియా అనుకుని నెలలు గడిపేస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. "మా ఇంట్లో ఆ జబ్బు ఎందుకుంటుంది" అన్న పరువు మాట దీనికి తోడు. పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో ఇంకా ఎక్కువ.

ఆ పరువు భయానికి ఒకప్పుడు కారణం ఉంది, క్షయ అంటే ఇల్లు వదిలి శానటోరియం చేరడం. దాన్ని మార్చింది కూడా మద్రాసే. 1956లో చేట్‌పట్‌లో క్షయ మందుల పరిశోధన కేంద్రం మొదలైంది. అప్పటికి మందులు వచ్చాయి. ఇరుకు గదుల్లో, అరకొర తిండితో ఉండే పేదవాళ్లు ఇంట్లోనే ఉండి మాత్రలు మింగితే నయమవుతుందా అన్నది ప్రశ్న. రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును శానటోరియంలో, ఇంకో జట్టును ఇళ్లలో ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు. ప్రపంచమంతా శానటోరియంలు మూతపడటానికి ఆ మద్రాసు కాగితం పెద్ద కారణం. చేట్‌పట్ మీదుగా లోకల్ రైల్లో వెళ్తూ ఆ భవనం ఏమిటో తెలియకుండా ఎన్నేళ్లు గడిపామో.

మన సభ్యులు అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. జలుబో ఫ్లూనో తగ్గాక మిగిలిన దగ్గు రోజురోజుకీ కొంచెమైనా తగ్గుతూ ఉంటే నీళ్లు తాగుతూ, పొగకు దూరంగా, గొంతు పెంచకుండా ఓపిక పట్టవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరిదైనా కఫం పరీక్ష చేయించాలన్నది ప్రభుత్వ క్షయ కార్యక్రమం పెట్టిన నియమం. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. బరువు తగ్గినా, సాయంత్రం జ్వరం వచ్చినా, కఫంలో రక్తపు చార కనబడినా రెండు వారాలు కూడా ఆగకూడదు. బొంగురు నాలుగు వారాలు దాటితే గార్సియా అద్దం వారసుడి దగ్గరికి, అంటే చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చుట్ట, బీడీ, సిగరెట్టు అలవాటు ఉన్నవాళ్లు, విశాఖ-గంజాం వైపు అడ్డపొగ తాగే అమ్మలు అంత కూడా ఆగకూడదు. స్వరపేటిక క్యాన్సరు బొంగురుగానే మొదలవుతుంది. ఆ దశలో పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది, గొంతూ మిగులుతుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు వాటివల్లే పొడి దగ్గు వస్తుంటుంది, డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. రాత్రి పొద్దుపోయాక భోంచేసి వెంటనే పడుకునేవాళ్లకు కడుపులో పులుపు గొంతుదాకా ఎగదన్ని దగ్గు, బొంగురు రెండూ వదలవు. మన సంఘం విందుల తర్వాత ఇదే ఎక్కువ అని నా అనుమానం.

ఒక అభ్యర్థన. మీ ఇళ్లలో పాత ట్రంకుపెట్టెల్లో ఆరోగ్యవరం నుంచి తాతలో మేనత్తలో రాసిన ఉత్తరాలు ఉంటే ఫోటో తీసి పంపండి. పేర్లు బయటపెట్టను. అక్కడ మౌనవైద్యంలో ఉన్నవాళ్లు పలక మీదా కాగితం ముక్కల మీదా రాసుకున్న మాటలు ఏవైనా మిగిలి ఉంటే మరీ మంచిది. అలాగే బరంపురం, షోలాపూర్, హోసూరు సభ్యులు మీ వైపు అడ్డసరాన్ని ఇళ్లలో ఏమని పిలుస్తారో, దేంతో కలిపి కాస్తారో కింద రాయండి. పైన నేను రాసిన పేర్లు ఊరి పేర్లు, ఇంటి పేర్లు వేరుగా ఉంటాయని విన్నాను.